కాంటాక్ట్ లెన్స్ పరీక్ష: అద్దాల చీటీ ఒక్కటే ఎందుకు చాలదు

కళ్ళద్దాల చీటీ పట్టుకొచ్చి "ఇదే పవర్‌లో లెన్సులు ఇచ్చేయండి" అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. వారంలో పెళ్ళి ఉందనో, ఇంటర్వ్యూ ఉందనో తొందర. ఆ తొందరలో పరీక్ష ఎగ్గొడితే ఏమవుతుందో, అసలు పరీక్షలో మేం చూసేదేమిటో తెలిస్తే ఆ గంట సమయం ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

అపోహ: అద్దాల పవరే లెన్స్ పవర్.

కళ్ళద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. ఆ దూరం పోయేసరికి కావాల్సిన పవర్ మారిపోతుంది. 3 లోపు పవర్లలో ఈ తేడా పట్టించుకోదగ్గది కాదు. 4 దాటితే లెక్క వెయ్యాల్సిందే. అద్దాల్లో మైనస్ 5 ఉంటే లెన్స్‌లో మైనస్ 4.75, మైనస్ 8 ఉంటే మైనస్ 7.25, మైనస్ 10 ఉంటే మైనస్ 9 దగ్గర ఆగుతుంది. ప్లస్ పవర్‌కు ఇది తిరగబడుతుంది: ప్లస్ 8 అద్దాలవారికి లెన్స్ పవర్ దాదాపు 8.75 కావాలి. మైనస్ 10 వారికి అదే 10 ఇచ్చేస్తే గోడ మీది అక్షరాలు బాగానే చదువుతారు. ఫోన్ చూసేటప్పుడే కళ్ళు లాగుతాయి, సాయంత్రానికి తలనొప్పి మొదలవుతుంది.

అపోహ: మెత్తని లెన్స్ ఎవరి కంటికైనా సరిపోతుంది. పెట్టుకోగానే హాయిగా ఉంటే సరిపోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది ఈ నమ్మకమే. ముందు కెరటోమీటర్ అనే పరికరంతో కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) వంపు కొలుస్తాం. చాలామందికి ఆ వంపు 7.5, 8.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నల్లగుడ్డు అడ్డం ఎంతుందో కూడా చూస్తాం, అది సుమారు 11 నుంచి 12.5 మిల్లీమీటర్లు. వీటిని బట్టి ట్రయల్ లెన్స్ ఎంచుకుంటాం. డబ్బా మీద బీసీ 8.4, 8.6, 8.8 అని ఉండేది లెన్స్ లోపలి వంపు, డయా 14.0, 14.2 అని ఉండేది దాని వెడల్పు. వేర్వేరు కంపెనీల రెండు లెన్సుల మీదా 8.6 అని ఉన్నా ఒకేలా కూర్చోవు, ఎందుకంటే పదార్థం, అంచు మలిచిన తీరు వేరు. అందుకే ఆన్‌లైన్‌లో తక్కువకు వచ్చిందని బ్రాండ్ మార్చినా మళ్ళీ చూపించుకోవాల్సిందే.

ట్రయల్ లెన్స్ పెట్టాక కనీసం పది, పదిహేను నిమిషాలు కూర్చోబెడతాం. కన్నీళ్ళు తగ్గి లెన్స్ కుదురుకునేదాకా ఏం చూసినా లాభం లేదు. తర్వాత స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపించే పరికరం) కింద మామూలుగా రెప్పలు కొట్టమంటాం. లెన్స్ నల్లగుడ్డును పూర్తిగా కప్పి చుట్టూ సుమారు 1 మిల్లీమీటరు తెల్లగుడ్డు మీదికి రావాలి. రెప్ప కొట్టినప్పుడల్లా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లు కదలాలి. కింది రెప్పతో లెన్స్‌ను మెల్లగా పైకి తోసి వదిలితే తేలిగ్గా జరిగి, ఆగకుండా వెనక్కి రావాలి.

లెన్స్ వదులైతే మీకే తెలుస్తుంది: కింది అంచు గుచ్చుకుంటుంది, రెప్ప కొట్టగానే చూపు చెదురుతుంది. బిగుతు లెన్స్ కదలదు కాబట్టి మొదటి గంటల్లో మహా హాయిగా ఉంటుంది. దాని కింద కన్నీళ్ళు మారవు, పాత కణాలు, మురికి అక్కడే చిక్కుకుంటాయి. సాయంత్రానికి కన్ను ఎర్రబడుతుంది. లెన్స్ తీసి చూస్తే, బిగుతు గాజు తీశాక మణికట్టు మీద మిగిలే అచ్చులాంటి గుండ్రటి గీత తెల్లగుడ్డు మీద కనిపిస్తుంది. ఆ గీత కనిపిస్తే లెన్స్ మార్చాల్సిందే, "అలవాటవుతుంది" అని సర్దుకుపోకూడదు.

నారింజ రంగు చుక్క వేసి నీలి వెలుగులో చూసే పరీక్ష కన్నీటి పొర కోసం. రెప్ప వెయ్యకుండా ఉంటే ఆ పొర 10 సెకన్ల లోపే చిట్లిపోయిందంటే కన్ను పొడిబారుతున్నట్టు. ఆ రంగు మెత్తని లెన్స్‌లో ఇంకిపోతుంది, కాబట్టి ఈ పరీక్ష లెన్స్ పెట్టకముందో, తీసేశాకో చేస్తారు. పై రెప్పను తిరగేసి లోపల పొక్కులున్నాయా అని చూడటం కూడా ఇందులో భాగమే. ఇది చెయ్యకుండా పంపేస్తే అడిగి చేయించుకోండి.

అపోహ: సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు కావాల్సినది) ఉంటే, చత్వారం వస్తే లెన్సులు కుదరవు.

కుదురుతాయి. సిలిండర్‌కు టోరిక్ లెన్సులు, చత్వారానికి మల్టీఫోకల్ లెన్సులు ఉన్నాయి. కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే కెరటోకోనస్ ఉన్నవారికి చాలాసార్లు అద్దాల కన్నా సెమీ సాఫ్ట్ (కాస్త గట్టివి) లేదా స్క్లెరల్ (తెల్లగుడ్డు మీద ఆనే పెద్దవి) లెన్సులతోనే చూపు స్పష్టంగా వస్తుంది. టోరిక్‌లో మాత్రం ఓపిక కావాలి. దాని మీద సన్నని గీత ఉంటుంది, అది ఎటు ఆగుతోందో స్లిట్ ల్యాంప్‌లో చూసి యాక్సిస్ (సిలిండర్ పవర్ ఏ దిశలో ఉండాలో ఆ కోణం) సరిచేస్తాం. లెన్స్ 10 డిగ్రీలు తిరిగిందంటే సిలిండర్‌లో మూడో వంతు సరికాకుండా మిగిలిపోతుంది.

అపోహ: రంగు లెన్సుకు పవర్ ఉండదు కాబట్టి పరీక్ష అక్కర్లేదు.

పవర్ సున్నా అయినా అది కార్నియా మీద కూర్చునే వస్తువే. వంపు సరిపోకపోతే అదే బిగుతు, అదే ఎరుపు. పెళ్ళి మేకప్ కోసం పార్లర్‌లో ఒకరు పెట్టుకున్న జతను ఇంకొకరికి పెట్టడం కంటి జబ్బును చేతికిచ్చినట్టే. అమెరికాలో 2005 నుంచి రంగు లెన్సులతో సహా అన్నీ వైద్య పరికరాలే, చీటీ లేకుండా అమ్మకూడదు. అక్కడున్న మనవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి: అద్దాల చీటీతో లెన్సులు కొనలేరు, లెన్స్ ఫిటింగ్‌కు విడిగా ఫీజు పడుతుంది. ఫిటింగ్ పూర్తయ్యాక ఆ చీటీని మీరు అడగకపోయినా ఇవ్వడం డాక్టర్ బాధ్యత.

అపోహ: లెన్స్ కన్ను వెనక్కి జారిపోతుంది.

పోదు. రెప్ప లోపలి పొర వెనక్కి మడతపడి తెల్లగుడ్డుకు అతుక్కుని ఉంటుంది, దారే లేదు. మహా అయితే పై రెప్ప కింద మడతపడి ఉంటుంది. చుక్కలు వేసి కిందికి చూస్తూ రెప్పను నెమ్మదిగా నిమిరితే వస్తుంది.

అపోహ: ఆర్వో నీళ్ళు శుభ్రమే కదా, లెన్స్ కడిగితే ఏం?

తాగడానికి శుభ్రం, లెన్స్‌కు కాదు. నీళ్ళలో ఉండే అకంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాలో చేరిందంటే నెలల తరబడి చికిత్స, ఒక్కోసారి చూపే పోతుంది. సెలైన్ కూడా చాలదు, అది క్రిములను చంపదు. చేతులు సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని ముట్టుకోండి. లెన్స్ తీశాక అరచేతిలో సొల్యూషన్ వేసి రెండువైపులా రుద్ది, కడిగి, డబ్బీలో కొత్త సొల్యూషన్ పోసి నానబెట్టాలి. నిన్నటి దాని మీదే ఇంకొంచెం పొయ్యకూడదు. పొద్దున డబ్బీ ఖాళీ చేసి, తుడిచి, బోర్లించి ఆరనివ్వండి. మూడు నెలలకోసారి డబ్బీ మార్చండి. ఆవకాయ కలిపినా, పచ్చిమిరపకాయలు తరిగినా ఆ రోజుకు అద్దాలే మేలు: రెండుసార్లు సబ్బు రుద్దినా కారం వేళ్ళను వదలదు. కాటుక లెన్స్ పెట్టుకున్నాకే, అదీ రెప్ప లోపలి అంచున కాకుండా.

అపోహ: లెన్స్ చేతికొచ్చింది, ఇక డాక్టర్‌తో పని లేదు.

మీ అంతట మీరు పెట్టుకుని తీసుకోవడం వచ్చేదాకా ఇంటికి తీసుకెళ్ళకండి. వేలి కొన మీద పెట్టి పక్క నుంచి చూడండి: గిన్నెలా నిలబడితే సరైన వైపు, అంచులు పళ్ళెంలా విచ్చుకుంటే తిరగబడింది. ఎప్పుడూ కుడి కన్నుతోనే మొదలుపెడితే రెండూ తారుమారు కావు. వారం తర్వాత చూపించుకోవడానికి వచ్చేటప్పుడు లెన్సులు పెట్టుకునే రండి, కనీసం మూడు, నాలుగు గంటల ముందు పెట్టుకుని. అప్పుడే బిగుతు బయటపడుతుంది. డబ్బీ, సొల్యూషన్ సీసా కూడా తెచ్చుకోండి.

అపోహ: కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకుంటే చాలు.

ఎరుపుతో పాటు నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం ఉంటే అది కళ్ళకలక అనుకోకండి, కార్నియా మీద పుండు కావచ్చు. లెన్స్ వెంటనే తీసెయ్యండి. ఇంట్లో మిగిలిన చుక్కలు వెయ్యకండి: వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తూనే పుండు లోపలికి పాకుతుంది. అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్ళండి. తీసిన లెన్స్‌ను పారెయ్యకుండా డబ్బీతో సహా తీసుకెళ్ళండి. ఏ క్రిమి వల్ల వచ్చిందో ల్యాబ్‌లో దాని నుంచి కూడా పట్టుకునే వీలుంటుంది.