పాత గోడకి సిమెంటు పడదు

2013 అక్టోబరు 12 రాత్రి ఒడిశాలోని గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు బరంపురంలో మా తాతగారి ఇంటి వీధి గోడ నిలువునా నానిపోయింది. ఆరాక చూస్తే పాత సున్నపు గారంతా బీటలు. మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించాం. నున్నగా, గట్టిగా వచ్చిందని మురిసిపోయాం కూడా. మూడో వానాకాలానికి ఆ అతుకు పెచ్చుగా ఊడిపడింది. పోతూపోతూ అరంగుళం పాత గారని కూడా పీక్కుపోయింది.

గట్టిగా ఉండటమే దాని తప్పు. పాత ఇటుక గోడ నేలలోంచి చెమ్మ పీల్చి ఎండకి వదిలేస్తుంది. సున్నపు గార ఆ చెమ్మని ఆవిరి కానిస్తుంది, సిమెంటు దారి మూసేస్తుంది. నీళ్ళు అతుకు వెనకే నిలిచి, అందులో కరిగిన ఉప్పు స్ఫటికాలు కట్టి మెత్తటి గారని పిండి చేస్తుంది. పైగా ఎండకీ వానకీ గోడ కాస్త కదులుతుంది. సున్నం సర్దుకుంటుంది, సిమెంటు మొండికేస్తుంది. ఆ పంతంలో ఓడేది మెత్తటిదే.

సున్నం గట్టిపడే తీరే వేరు. సున్నపురాయినో, గుల్లలనో 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలినదానిమీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి తడి సున్నమవుతుంది. గోడకెక్కాక అది, బట్టీలో పోగొట్టుకున్న వాయువునే గాలిలోంచి మళ్ళీ రాబట్టుకుంటుంది. 74 గ్రాముల తడి సున్నం 44 గ్రాముల వాయువు తీసుకుని, 18 గ్రాముల నీరు వదిలి, 100 గ్రాముల రాయవుతుంది. తొందరేమీ లేదు, లోపలి దాకా రాయవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. ఈలోగా వెంట్రుకంత బీట వస్తే, వాన నీటికి ఇంకా రాయవని పచ్చి సున్నం కరిగి అందులోకి చేరి, అక్కడే రాయై బీటని పూడుస్తుంది.

రెండోసారి ఒక ముసలి మేస్త్రి దొరికాడు. "బాబూ, ముందు తట్టి చూడండి. డొల్లగా మోగిన చోటల్లా తీసేయాలి" అన్నాడు. బీట కొసన పెన్సిలు గీత గీసి తేదీ వేయించాడు. గీత దాటి పాకితే, ముఖ్యంగా గుమ్మం మూల నుంచి ఏటవాలుగా పాకితే, జబ్బు గారది కాకపోవచ్చు, పునాదిది కావచ్చు. అప్పుడు ఇంజనీరుని పిలవాల్సిందే. మాది పాకలేదు. బీటని గీరి, దుమ్ము దులిపి, బాగా తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక చొప్పున పల్చగా రెండు పూతలు వేసి, తడి గోనెపట్టా కప్పాడు. పచ్చి సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, ఆ పని జరిగే చోటికి పిల్లల్ని రానివ్వకండి.

నెల తర్వాత అతుకు అంచు కొంచెం గిల్లి, పసుపు నీళ్ళు రాశాను. ఎర్రనీళ్ళతో దిష్టి తీసేటప్పుడు జరిగేదే ఇదీనూ: పచ్చి సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పైన గోటి మందాన పసుపుగానే ఉంది, లోపల ఎర్రగా తేలింది. అంటే లోపల ఇంకా రాయవలేదు. అందుకే రంగులు వేయడం దసరా తర్వాతే అనుకున్నాం.