తెర మీద మొదటి పది సెకన్లు: స్టూడియో లోగోల గురించి అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మోషన్ గ్రాఫిక్స్ పని చేసుకుంటున్న నా దగ్గరికి షార్ట్ ఫిల్ములు, జానపద పాటల ఆల్బమ్‌లు తీసేవాళ్లు, సొంత బ్యానర్ పెట్టుకుని మొదటి సినిమాకు సిద్ధమవుతున్న కుర్రాళ్లు వస్తుంటారు. వారిలో చాలామంది కూర్చోగానే అనే మాట ఒక్కటే: "హాలీవుడ్ వాళ్లే ఎప్పటికప్పుడు లోగో మార్చేస్తన్నారు కదా మాస్టారూ, మనం పాతదే పెట్టుకుని ఉంటే ఏటి బాగుంటాది?" ఈ మాట వెనక ఉన్న అపోహ వల్ల పోయినంత డబ్బు నా వృత్తిలో మరి దేని వల్లా పోవడం చూడలేదు కనుక, ముందు దాని సంగతే వివరంగా రాస్తాను.

అపోహ: పెద్ద స్టూడియోలు పాత లోగో తీసేసి కొత్తది పెట్టుకుంటూ పోతాయి.

వాస్తవం: యూనివర్సల్ సంస్థ లోగోలను వరసగా పెట్టి చూడండి. 1920ల చివర్లో భూగోళం చుట్టూ ఒక విమానం తిరిగేది. 1930ల మధ్యకు వచ్చేసరికి అది గాజు గోళమై, చుట్టూ నక్షత్రాలు మెరిసేవి. 1990లో మరో రూపం వచ్చింది. 1997లో సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ కొత్త సంగీతం కట్టారు. శతాబ్ది సందర్భంగా 2012లో వేటా డిజిటల్ అనే గ్రాఫిక్స్ సంస్థ వారు మొత్తం కంప్యూటర్‌లో కొత్తగా నిర్మిస్తే, బ్రయాన్ టైలర్ ఆ గోల్డ్‌స్మిత్ బాణీనే మళ్లీ కూర్చారు. ఇంత జరిగినా భూగోళం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎం.జి.ఎం. వారి సింహం కూడా అంతే. 1924లో మూకీల కాలపు స్లాట్స్ అనే సింహానికి గర్జన వినిపించే వీలే లేదు. 1928లో జాకీ అనే సింహం గర్జనను గ్రామఫోన్ రికార్డు ద్వారా వినిపించారు. 1957లో లియో వచ్చింది. 2021లో కంప్యూటర్‌తో తయారైన సింహం వచ్చింది. ఇన్ని సింహాలు మారినా, చుట్టూ ఉన్న ఫిల్ము రీలు, దాని మీది లాటిన్ వాక్యం, నడుమ నుంచి చూసే మృగరాజు ముఖం అలాగే ఉండడం వల్ల ప్రేక్షకుడికి అది ఒకే సింహం.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, ఉన్నదాన్ని నిజంగానే వదిలేసి చూసిన స్టూడియోలకు ఏమైందన్నది. ఎం.జి.ఎం. వారు 1960ల మధ్యలో గర్జించే సింహాన్ని పక్కనపెట్టి, గీతలతో గీసిన కదలని సింహం బొమ్మను కొన్ని సినిమాలకు వేసి, మళ్లీ పాత దారికే వచ్చారు. కొలంబియా వారు 1976లో కాగడా పట్టుకున్న అమ్మాయిని కాదని, ఆ కాగడా వెలుగే సూర్యబింబంలా మారిపోయే డిజైన్ తెచ్చి, 1981కల్లా అమ్మాయిని తిరిగి నిలబెట్టారు. వార్నర్ వారు 1972లో తమ డాలును తీసేసి, సాల్ బాస్ గీసిన డబ్ల్యూ అక్షరాన్ని పెట్టుకున్నారు. సాల్ బాస్ అంటే ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరైనా గౌరవంగా తలుచుకునే పేరు, ఆ డిజైన్‌లో వంక పెట్టడానికీ ఏమీ లేదు, అయినా 1984లో డాలు తిరిగి వచ్చింది. పైసకు పైస లెక్క చూసుకునే సంస్థలు మూడు వేర్వేరుగా ఇదే పని చేసి వెనక్కి మళ్లాయంటే కారణం స్పష్టమే: జనం గుర్తుపెట్టుకున్నదాన్ని కొనుక్కోవడానికి డబ్బు సరిపోదు, ఏళ్లు పడతాయి.

మరి మార్పు ఎందుకు వస్తుందంటే, ప్రధానంగా తెర మారినప్పుడు, లేదా యజమాని మారినప్పుడు. 1953లో సినిమాస్కోప్ రావడంతో చతురస్రానికి దగ్గరగా ఉన్న ఫ్రేమ్ ఒక్కసారిగా అడ్డంగా సాగింది. ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ 1933లో కూర్చిన ఫాక్స్ వారి బాకా సంగీతానికి ఆ కొత్త తెర కోసమే మరికొంత భాగం చేర్చారు, అంతేగాని పాత స్వరాన్ని తీసేయలేదు. ఆ సంస్థ డిస్నీ చేతికి వచ్చాక 2020లో పేరులోంచి ఫాక్స్ అన్న మాట తొలగించినప్పుడు కూడా లోగోలోని ఆ కట్టడం, సెర్చిలైట్లు, బాకాలు అలాగే ఉన్నాయి. మన దగ్గర చూసినా, కృష్ణుడి వేషంలో శంఖం ఊదుతున్న ఎన్టీఆర్ కనిపిస్తే వైజయంతి వారి సినిమా అని పేరు పడకముందే హాలంతా చెప్పేస్తుంది.

మా జిల్లాలోనే ఒకాయన జానపద పాటల ఆల్బమ్‌లు తీస్తారు. పాటకొక లోగో చొప్పున చేయించేవారు: ఒకదానిలో బంగారు అక్షరాలు, ఇంకోదానిలో నిప్పురవ్వలు, మరోదానిలో అరసవల్లి గోపురం వెనక నుంచి సూర్యోదయం. పాటలు బాగానే ఆడుతున్నా, ఇవన్నీ ఒక్కరే తీస్తున్నారన్న సంగతి ఎవరికీ తెలియడం లేదని వచ్చి బాధపడ్డారు. పాత వీడియోలన్నీ ఆయన పక్కన కూర్చుని చూశాను. బొమ్మలకు ఒకదానితో ఒకటి పోలిక లేదు గాని, మూడు నాలుగు వీడియోల్లో లోగో వెనక జముకు అనే జానపద తీగ వాద్యం మోత ఒకటి ఉంది: తీగ లాగి వదిలినప్పుడు అడుగు నుంచి లేచి, పైకి సాగుతూ తెగిపోయే ఆ 'జుంయ్' అన్న శబ్దం. కామెంట్లలో కూడా ఎవరో దాని గురించే అడిగారు. ఆ మోతనే అట్టేపెట్టి, అదిరే తీగ ఒకటి గీసి, తీగ అదురు ఆగే చోట పేరు నిలిచేలా చేశాం. నిప్పురవ్వలు లేవు, సూర్యోదయం లేదు. కొత్తది చేయిద్దామా అన్న కోరిక ఆయనకు ఇప్పటికీ అప్పుడప్పుడు పుడుతుంది. నేను రంగు మార్చి పంపిస్తుంటాను.

ఈ అపోహకు తోడబుట్టిన నష్టం మరొకటి ఉంది. లోగో ఎలాగూ మార్చేదే కదా అని ఎం.పి.4 ఫైలు ఒక్కటి తీసుకుని వెళ్లిపోతారు. యూట్యూబ్ కోసం 1920×1080లో చేసిన ఆ ఫైలును తరువాత స్కోప్ (మరింత వెడల్పాటి తెర) సినిమాకు పెట్టాలంటే, తెర నిండా పరిచినప్పుడు ఎత్తులో దాదాపు పావు వంతు కోతకు గురవుతుంది, తెలుగు అక్షరాల కింద ఒత్తులు తెగిపోతాయి. కోయకుండా పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. పైగా థియేటర్‌కు వెళ్లే డి.సి.పి. (డిజిటల్ సినిమా ప్యాకేజీ) సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో ఉంటుంది కాబట్టి, 25 లేదా 30తో రెండర్ చేసిన లోగో మార్పిడిలో అక్కడక్కడ తడబడుతుంది. కనుక ఎవరి దగ్గర చేయించుకున్నా లేయర్లతో సహా ప్రాజెక్ట్ ఫైలు, వాడిన ఫాంట్లు, సంగీతం, శబ్దాలు విడివిడి ట్రాకులుగా అడిగి తీసుకోండి. ఈ మాట డబ్బు మాట్లాడుకునే రోజునే తేల్చుకోండి, ఎందుకంటే బాకీ తీరిపోయాక ఫైళ్లు అడిగితే ఇచ్చేవాళ్లు మా వృత్తిలో తక్కువ.

అపోహ: నెట్‌లో దొరికిన భూగోళం టెంప్లేట్‌లో పేరు మార్చుకుంటే అది మనదైపోతుంది, వాడుకలో లేని పాత లోగో ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: రెండూ కాదు. స్టూడియో పక్కన పెట్టినంత మాత్రాన దాని మీద హక్కు పోదు. టెంప్లేట్‌కు లైసెన్సు కొన్నా, అందులోని సంగీతానికి వేరే లైసెన్సు ఉండవచ్చు, అది చూసుకోకుండా అప్‌లోడ్ చేస్తే కాపీరైట్ క్లెయిమ్ పడి ఆదాయం ఇంకొకరికి పోతుంది. అదే టెంప్లేట్ పక్క వీధివాడు కూడా కొంటాడన్నది వేరే సంగతి.

అపోహ: ఎం.జి.ఎం. సింహాన్ని బల్లకు కట్టేసి గర్జింపజేశారు. ఆ సింహం తన శిక్షకుణ్ణే చంపింది.

వాస్తవం: వాట్సాప్‌లో ఏటా తిరిగే ఆ ఫొటో, జబ్బుపడిన ఒక సింహానికి స్కాన్ తీస్తున్నప్పటిది, దానికి లోగో అతికించారు. శిక్షకుణ్ణి చంపిన కథ కూడా కల్పనే. ఇలాంటివి పంపేముందు ఒక్క నిమిషం వెతికితే తెలిసిపోతుంది, ఆ నిమిషమే ఎవరికీ దొరకదు.

అపోహ: కొలంబియా కాగడా అమ్మాయి ఫలానా హాలీవుడ్ తార.

వాస్తవం: ఇప్పుడు కనిపించే బొమ్మను 1992లో మైకేల్ డియాస్ గీశారు. ఆయనకు మోడల్‌గా నిలబడిన జెన్నీ జోసెఫ్ అప్పట్లో న్యూ ఓర్లీన్స్‌లో ఒక పత్రికలో పనిచేసేవారు, నటి కారు.

అపోహ: యానిమేటెడ్ లోగో లేకపోతే సెన్సార్ చేయరు, థియేటర్లు తీసుకోవు.

వాస్తవం: ఈ మాట ఎవరు పుట్టించారో గాని, దీన్ని నమ్మి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి త్రీడీ లోగోకు బయానా తెచ్చిన కుర్రాడు ఒకడు శ్రీకాకుళం నుంచి వచ్చాడు. భయంతో వచ్చినవాణ్ణి కోప్పడడానికి నోరు రాదు. సినిమా మొదట్లో తప్పనిసరిగా చూపాల్సింది సెన్సార్ సర్టిఫికెట్. బ్యానర్ బొమ్మ తిరగాలని, మెరవాలని ఎక్కడా లేదు. నల్ల తెర మీద చక్కటి అక్షరాలతో బ్యానర్ పేరు, వెనక ఒక మంచి శబ్దం ఉంటే సరిపోతుందని చెప్పి, అతనికి తప్పెటగుళ్ల మోత ఒకటి రికార్డు చేయించుకోమన్నాను. బయానా అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశాను, దాన్ని డి.సి.పి.కి, సౌండ్ మిక్సింగ్‌కు వాడుకున్నాడు.