మద్రాసు మాత్రలు, జార్ఖండ్ బియ్యం

క్షయ అంటేనే తరిగిపోవడం. మనిషి చిక్కి శల్యమవడాన్నే మనవాళ్లు జబ్బుకు పేరుగా పెట్టారు. మందుల్లేని కాలంలో వైద్యం కూడా అదే: మంచం, మంచి గాలి, కడుపునిండా తిండి. మదనపల్లె దగ్గర 1915లో వెలసిన ఆరోగ్యవరం శానటోరియం అలాంటిదే. అయితే రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో.

పాస్, ఐసోనియజిడ్ మందులు వచ్చాక కొత్త ప్రశ్న పుట్టింది: ఇంట్లోనే ఉండి మింగితే సరిపోదా? తేల్చడానికి 1956లో మద్రాసు చెట్‌పట్‌లో ఒక కేంద్రం పెట్టారు. బ్రిటిష్ వైద్యుడు వాలస్ ఫాక్స్ ఆధ్వర్యంలో 193 మంది పేద రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, సగం మందిని శానటోరియానికి పంపారు, సగం మందిని ఇళ్లలోనే ఉంచారు. మందులు ఒకటే, గడువు ఏడాది. సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్లకెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. రోగి మాట మీద అంత నమ్మకమన్నమాట!

శానటోరియంలో వాళ్లకు తిండీ విశ్రాంతీ మెరుగ్గా దొరికాయి. అయినా 1959లో ఫలితాలు చూస్తే పెద్ద తేడా లేదు. రోగుల కుటుంబ సభ్యులను అయిదేళ్లు గమనించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల జబ్బు ఎక్కువగా అంటుకున్న దాఖలా కనిపించలేదు. దాంతో ప్రపంచమంతటా శానటోరియాల కాలం ముగిసింది.

అక్కడే చిన్న పొరపాటు జరిగిందని నాకనిపిస్తుంది. మందు పడితే తిండి అంతంతమాత్రమైనా జబ్బు నయమవుతుందన్నది ఆ అధ్యయనం. మనం మాత్రం క్షయకూ తిండికీ సంబంధమే లేదన్నట్టు నడిచాం. అసలు జబ్బు ఎవరికి వస్తుందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న మళ్లీ అడగడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. 2019లో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో మొదలైన ‘రేషన్స్’ అధ్యయనంలో 2,800 మంది రోగులు, వారి ఇళ్లలోని 10,345 మంది ఉన్నారు. రోగులందరికీ దినుసులిచ్చారు. సగం కుటుంబాల్లో మాత్రం మిగతావాళ్లకూ ఇచ్చారు: పెద్దలకైతే తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. ఇందులో పాలుపంచుకున్న చెన్నై క్షయ పరిశోధన సంస్థ మరేదో కాదు, నాటి చెట్‌పట్ కేంద్రమే.

క్షయ రోగుల తిండి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 ఇస్తున్నారు. ఆ డబ్బు రోగి ఖాతాలోనే పడుతుంది. ఇంటివాళ్లకు దినుసుల బుట్ట కావాలంటే ‘నిక్షయ్ మిత్ర’గా ఎవరైనా దాత దొరకాలి.