మరకలో ముసలమ్మ

కథ రాద్దామని కూర్చుంటే ఏమీ తోచడం లేదు, వస్తువు కోసం ఎక్కడ వెతకాలి అని ఒక పాఠకురాలు అడిగారు. వంటింటి గోడ మీద వెతకండి అన్నాను. వేళాకోళం కాదు. మూడు వర్షాకాలాలుగా మా వంటింటి గోడకు చెమ్మ దిగి, గోధుమరంగు మరక కట్టింది. అందులో నాకు ఒక ముసలమ్మ కనిపిస్తుంది. నెత్తిన గంప, వంగిన నడుము. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి ఉంటుంది. పిలిచింది ఎవరు? అక్కడినుంచి కథ మొదలుపెట్టవచ్చు.

నాకు మాత్రం ముసలమ్మ కన్నా ఆమె అంచు మీదే మోజు. మరక నడుమ వెలిసిపోయి, చుట్టూ గీత గీసినట్టు ముదురుగా ఉంటుంది. ఆ గీత ఎలా పడింది? బల్ల మీద కాఫీ చుక్క ఒకటి వేసి ఆరనివ్వండి. కాఫీ రేణువులు సమానంగా పరుచుకోవు, అంచున ఉంగరంలా పేరుకుంటాయి. 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీని గుట్టు విప్పారు. చుక్క అంచు బల్లను పట్టుకుని కదలదు. ఆ అంచున నీరు త్వరగా ఆవిరవుతుంది. తరిగిన చోటు నింపడానికి నడిమి నీరు బయటికి పారుతూ, రేణువులను మోసుకెళ్లి అక్కడ దించేస్తుంది. ఏరు గట్టున ఒండ్రు దించినట్టే. రేణువులు గుండ్రంగా కాక కోలగా ఉంటే ఉంగరం కట్టదని 2011లో తేలింది. కోల రేణువులు నీటి పైపొరలో ఒకదానికొకటి చిక్కుకుని, అంచుదాకా చేరకుండా ఆగిపోతాయి.

గోడ సంగతీ ఇంచుమించు ఇంతే. ఇటుకలోని, సున్నంలోని లవణాలను కరిగించుకుని వచ్చిన నీరు, తడి ఆగిన చోట వాటిని వదిలేసి ఆవిరవుతుంది. ఒక్కో తడికి ఒక్కో గీత. మా ముసలమ్మ చీర మడతలు మూడూ మూడేళ్ల వానలే.

గీతలు నీరు గీసింది సరే, మనిషిని చేసింది ఎవరు? 2014లో అచ్చయిన ఒక ప్రయోగంలో చుక్కల గజిబిజి తప్ప ఏమీ లేని చిత్రాలు చూపించి, వీటిలో సగం చిత్రాల్లో ముఖాలున్నాయని ముందే చెప్పారు. చూసినవాళ్లు దాదాపు మూడోవంతు సార్లు ముఖం కనిపించిందన్నారు. ఆ క్షణాల్లో, ముఖాలను గుర్తుపట్టే మెదడు భాగం కూడా నిజంగానే చురుకైంది. అంటే మెదడు కన్ను పంపేదాకా చేతులు కట్టుకుని కూర్చోదు, ముందే ఒక ఊహ పట్టుకుని దానికి సరిపడే గీతలు ఏరుకుంటుంది. గోడ మీద దేవుడు వెలిశాడని కొబ్బరికాయ కొట్టేవాళ్లను చూసి ఒకప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. వాళ్ల మెదడు దాని పని అది చేసింది. పక్కనే హుండీ పెట్టినవాడితోనే నా పేచీ.

మరకల గోడలను చూడమని లియొనార్డో డావించీ చిత్రకారులకు చెప్పాడు. కొండలు, యుద్ధాలు, వింత ముఖాలు అన్నీ అందులో దొరుకుతాయట. గంటల మోతలో ఏ పేరు కావాలంటే ఆ పేరు వినిపించినట్టే ఇదీ అన్నాడు. జర్మన్ వైద్యుడు, కవి యుస్టినుస్ కెర్నర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ముసలితనంలో చూపు మందగించి, రాస్తుంటే కాగితం మీద సిరా ఒలికేది. ఆయన ఆ కాగితాలను పారేయలేదు. మడతపెట్టి నొక్కి, విప్పి, ఏర్పడిన ఆకారానికి కలంతో కాస్త మెరుగులు దిద్ది, కింద కవిత రాసేవాడు. మడతపెట్టడంలోనే ఉంది కిటుకు. కుడి ఎడమలు ఒకటయ్యేసరికి మరక కాస్తా ముఖమో, సీతాకోకచిలుకో అయి కూర్చుంటుంది. ఆయన పోయాక, 1890లో అవి పుస్తకంగా వెలువడ్డాయి. మరకలో ఏం కనిపించిందో అడిగి మనసును అంచనా వేసే స్విస్ మనోవైద్యుడు రోర్షాక్ పది సిరా మరకలు మనోవైద్యంలోకి వచ్చింది 1921లో.

చంద్రుడి మీది నల్ల మచ్చలు వందల కోట్ల ఏళ్ల కిందట లావా పారి గడ్డకట్టిన మైదానాలు. మనవాళ్లు అక్కడ కుందేలును చూసి, ఆయనకు శశాంకుడని పేరే పెట్టేశారు. ఐరోపావాళ్లకు అక్కడే మనిషి కనిపించాడు. మన బడుల్లోనేమో ఇప్పటికీ ‘నా అభిమాన నాయకుడు’ రాయిస్తారు. నలభైమందీ ఒకే వ్యాసం రాస్తారు, దిద్దే పంతులుగారికి ఆవలింతలు. ఒక మరక చూపించి రాయమంటే ఏం పోతుంది?

మొన్న మా గోడకు సున్నం వేయించాం. వారం తిరక్కుండానే మరక పైకి వచ్చింది, తడి సున్నంలో పాత లవణాలు మళ్లీ కరిగి ఉపరితలానికి చేరాయి కదా. ముసలమ్మ అలాగే ఉంది. నెత్తిన గంప మాత్రం లేదు.