తాళం పడిన లెక్కలు: చిన్న వ్యాపారాలకు సైబర్ దాడులు ఇంత భారం ఎలా అయ్యాయి?

చిన్న సంస్థ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగిందనగానే దొంగలు ఎంత అడిగారనే ప్రశ్నే ముందుగా వస్తుంది. అయితే గత మూడున్నర దశాబ్దాల అనుభవాన్ని చూస్తే, అడిగిన సొమ్ముకన్నా ఆగిపోయిన పనే ఎక్కువ నష్టం తెచ్చినట్టు కనిపిస్తుంది.

కంప్యూటర్‌ను బందీగా పట్టి డబ్బు అడగడం (రాన్సమ్‌వేర్) 1989 చివర్లో మొదలైంది. ఎయిడ్స్ గురించిన సమాచారం ఉందంటూ సుమారు 20 వేల ఫ్లాపీ డిస్కులు పలు దేశాలకు టపాలో వెళ్లాయి. వాటిని వాడినవారి ఫైళ్ల పేర్లు కొన్నాళ్లకు తారుమారై, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపాలన్న సందేశం తెరపై కనబడేది. టపాలో వచ్చే డబ్బు కోసం ఎదురుచూసే దొంగ దొరికిపోవడం తేలిక కనుక ఈ పద్ధతి చాలాకాలం పెద్దగా వ్యాపించలేదు. 2013లో ఫైళ్లకు తాళం వేసే క్రిప్టోలాకర్ అనే ప్రోగ్రామ్, అందుకున్నది ఎవరో కనిపెట్టడం కష్టమైన డిజిటల్ డబ్బు బిట్‌కాయిన్‌లో చెల్లింపు కోరడంతో ఆ అడ్డు తొలగింది. సొమ్ము వసూలు సులువయ్యాక వేలమంది నుంచి కొద్దికొద్దిగా గుంజినా గిట్టుబాటవుతుంది కాబట్టి, అప్పటిదాకా ఎవరి కంటా పడని చిన్న దుకాణం కూడా లక్ష్యంగా మారింది.

2017 మేలో వచ్చిన వానాక్రై అనే ఇలాంటి ప్రోగ్రామ్ మొదట ఒక్కో కంప్యూటర్‌కు 300 డాలర్లు మాత్రమే అడిగింది. ఆ దాడికి విరుగుడును మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. ఎక్కువగా దెబ్బతిన్నది దాన్ని వేసుకోని యంత్రాలే. కంప్యూటర్లు చూసుకోవడానికంటూ ప్రత్యేకంగా మనిషి లేని సంస్థలో అప్‌డేట్ వెనకబడటం సహజం, దానికి వారిని నిందించలేం.

భారతదేశంలో అదే ఏడాది జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదు గానీ, చిన్న వ్యాపారికి దాడి ఎందుకంత ఖరీదైందో అర్థం కావాలంటే రెంటినీ కలిపి చూడాలి. రిటర్నులు ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రాల మధ్య 50 వేల రూపాయలకు మించిన సరుకు కదలడానికి ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం, అంటే ఈ-వే బిల్లు, కావలసి వచ్చింది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవారితో మొదలైన ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) నిబంధన 2023 ఆగస్టుకల్లా 5 కోట్లు దాటినవారి దాకా దిగివచ్చింది. బిల్లు పుస్తకం ఉన్న రోజుల్లో కంప్యూటర్ చెడిపోతే చేత్తో బిల్లు రాసి సరుకు పంపేవారు. ఇప్పుడు లెక్కల సాఫ్ట్‌వేర్‌కు తాళం పడితే బిల్లు పుట్టదు, లారీ కదలదు, రిటర్ను గడువు దాటితే ఆలస్య రుసుము, వడ్డీ మీద పడతాయి. బ్యాకప్ తీసుకున్నామనే ధీమా కూడా చాలాసార్లు నిలవదు, ఎందుకంటే ఆ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంటే దాని మీదున్న ఫైళ్లకూ అదే గతి పడుతుంది.

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు ఉదంతం మనకు దగ్గరిది. 2022 జనవరిలో దాని నుంచి 12.48 కోట్ల రూపాయలు దేశంలోని అనేక ఖాతాలకు తరలిపోయాయి. అంతకు రెండు నెలల ముందు ఉద్యోగులకు 200కు పైగా మోసపూరిత మెయిళ్లు వచ్చాయనీ, ఇద్దరు వాటిని తెరవడంతో దొంగలకు లోపలికి దారి దొరికిందనీ నగర పోలీసులు తేల్చారు. దర్యాప్తుకు పోలీసులకే 58 లక్షల రూపాయలు ఖర్చయింది. భద్రతా లోపాలకు గాను రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా విధించింది. నష్టం దొంగతనంతో ముగిసిపోదనడానికి ఈ అంకెలే చాలు.

లెక్కలు పోవడం ఒక సంస్థను ఎంతవరకు తీసుకెళ్తుందో బ్రిటన్‌లోని కెటరింగ్ చూసింది. 1865లో మొదలైన నైట్స్ ఆఫ్ ఓల్డ్ రవాణా సంస్థకు మాతృసంస్థ అయిన కేఎన్‌పీ సుమారు 500 లారీలు నడిపేది. 2023 జూన్‌లో అకీరా అనే సైబర్ దొంగల ముఠా దాని వ్యవస్థల్లోకి చొరబడింది. ఒక ఉద్యోగి పెట్టుకున్న బలహీనమైన పాస్‌వర్డ్‌ను ఊహించి దొంగలు లోపలికి వచ్చారని భావిస్తున్నారు. సైబర్ బీమా ఉన్నా సంస్థ నిలదొక్కుకోలేకపోయింది. ఆర్థిక సమాచారం దెబ్బతినడంతో కొత్త పెట్టుబడి, అప్పు తెచ్చుకోవడం కష్టమైంది. సెప్టెంబరులో సంస్థ మూతపడి సుమారు 700 మంది ఉపాధి పోగొట్టుకున్నారు.

సొంత ఇంట్లో జాగ్రత్తగా ఉన్నవారికీ ముప్పు తప్పడం లేదు. 2021 జులైలో రెవిల్ ముఠా కసేయా అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుని, చిన్న సంస్థల కంప్యూటర్లను చూసిపెట్టే సేవాసంస్థల ద్వారా 1,500 వరకు వ్యాపారాలను ఒకేసారి దెబ్బతీసింది. స్వీడన్‌లో కూప్ అనే కిరాణా సంస్థ దుకాణాలు వందల సంఖ్యలో మూతపడ్డాయి, ఎందుకంటే డబ్బు కట్టించుకునే యంత్రాలే పనిచేయలేదు. మన దేశంలో 2024 జులై చివర బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, అది ఇతర వ్యవస్థలకు పాకకుండా జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేసింది. దాని సాంకేతికత మీద ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకులు, ముఖ్యంగా సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు ఆగస్టు 1న సేవలు తిరిగి మొదలయ్యేదాకా యూపీఐ వంటి చెల్లింపులు నిలిచిపోయాయి.