ఇంజినీరింగ్‌లో అమ్మాయిలు: అపోహలు - వాస్తవాలు

కాలేజీలో అడ్మిషన్లు, ప్లేస్‌మెంట్లు రెండూ చూస్తుంటాను. ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచి ఎంచుకునే వెబ్ ఆప్షన్ల సీజన్ వస్తే చాలు, ఇవే మాటలు మళ్లీ వినపడతాయి.

అపోహ: మహిళా కోటా వల్లే మావాడికి కంప్యూటర్స్ సీటు పోయింది.

వాస్తవం: తెలుగు రాష్ట్రాల కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో, ప్రతి కోర్సులో, ప్రతి కేటగిరీలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకే. ఇంతవరకు అందరికీ తెలుసు. నిబంధనలో తర్వాతి ముక్క మాత్రం ఎవరూ చదవరు. ఆ కేటగిరీలో మెరిట్ మీదే అంతమంది అమ్మాయిలు వచ్చేస్తే రిజర్వేషన్ వర్తించదు. మా సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో ఎక్కువగా జరిగేది అదే. మెకానికల్‌లో ఇంకో కథ: అమ్మాయిలు దొరక్క, వాళ్లకని ఉంచిన సీట్లు కూడా అదే కేటగిరీ అబ్బాయిలకే వెళ్తాయి. మీవాడి సీటు పోయింది ర్యాంకు వల్లే, ఈ మాటకి కాస్త కోపం వచ్చినా!

ఐఐటీల పద్ధతి వేరు. అక్కడ 2018లో అమ్మాయిలకు అదనపు సీట్లు సృష్టించారు. వాళ్ల వాటా ఆ ఏడు 14 శాతం, 2020కి 20 శాతం ఉండాలన్నది లక్ష్యం. ఉన్న సీట్లు తగ్గించలేదు.

అపోహ: ఇప్పుడు క్లాసులో సగం మంది వాళ్లేగా!

వాస్తవం: సీఎస్‌ఈ క్లాసు చూసి అనే మాట ఇది. 2020-21 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఇంజినీరింగ్ డిగ్రీ చదువుతున్నవాళ్లలో అమ్మాయిలు 29 శాతమే.

అపోహ: పెళ్లయ్యాక మానేస్తారు, సీటు వేస్టు.

వాస్తవం: బీటెక్ చేసి బ్యాంకు పరీక్షలకెళ్లిన అబ్బాయి సీటు వేస్టని ఎవరూ అనరేం?

అపోహ: మెకానికల్, ఎలక్ట్రికల్ ఆడపిల్లలకు సరిపడవు.

వాస్తవం: మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత 1940ల్లోనే మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలాక చదివిన చదువు అది. తర్వాత భాక్రా నంగల్ డ్యామ్ పనుల్లోనూ పాలుపంచుకున్నారు.

అడ్డం పడింది ఒళ్లు కాదు, షిఫ్టులు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లను పనిలో పెట్టుకోవద్దంది. ఐటీకి మినహాయింపులొచ్చాయి, క్యాబ్‌లొచ్చాయి. ప్లాంట్లు మాత్రం చాలాకాలం "అబ్బాయిలనే పంపండి" అనేవి. చట్టం సడలుతూ వచ్చినా ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచి తీసుకునే అమ్మాయి కాలేజీవాళ్లను ప్యాకేజీ కంటే ముందు అడగాల్సింది, పోయినేడు ఏయే ప్లాంట్లు అమ్మాయిలను ఇంటర్వ్యూకి పిలిచాయని.