చదివించేవాడు ఎవరు?

ఉజ్బెక్ భాషలో 'ఓకిమోక్' అంటే చదవడం. పుస్తకం చదవడమూ అదే, కాలేజీలో చదవడమూ అదే. మన 'చదువు' కూడా అచ్చం ఇంతే. ఇంగ్లీషులో అయితే 'రీడ్' వేరు, 'స్టడీ' వేరు. ఆ ఉజ్బెక్ ధాతువుకు చిన్న ప్రత్యయం చేరిస్తే 'ఓకిత్‌మోక్', చదివించడం. దాని నుంచి పుట్టిందే 'ఓకితువ్చి', ఉపాధ్యాయుడు. తెలుగులో 'ముగ్గురు పిల్లల్నీ చదివించాడు' అంటే మన కళ్లముందు మెదిలేది తండ్రి, ఆయన కట్టిన ఫీజులు. ఉజ్బెక్‌లో చదివించేవాడనే పేరు గురువుకు దక్కింది. గురువు తండ్రంతటి గొప్పవాడని అక్కడ సామెత.

ఇంగ్లీషు 'టీచ్'కు పూర్వార్థం చూపించడం. గుర్తు అని అర్థమిచ్చే 'టోకెన్' దానికి చుట్టం. గురువు చూపిస్తాడు, చూసి గ్రహించడం శిష్యుడి వంతు.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఉజ్బెక్‌లోని ఒక జంట పదం: 'తాలిమ్-తర్బియా'. రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. తాలిమ్ అంటే బోధన. అమలాపురం దసరా ఊరేగింపుల్లో కత్తులు, కర్రలు తిప్పే తాలింఖానాలో ఉన్నదీ ఆ మాటే. తర్బియా అంటే పెంపకం. మనం 'చదువూ సంస్కారమూ' అన్నంత అలవాటుగా వాళ్లు ఆ రెంటినీ కలిపి పలుకుతారు. 'తర్బియాసిజ్' అంటే పెంపకం లేనివాడు. ఆ తిట్టు తల్లిదండ్రులకూ తగులుతుంది.

ఇంగ్లీషు 'ఎడ్యుకేషన్' కూడా పెంచడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వచ్చింది. 16వ శతాబ్దంలో పిల్లల పెంపకమంతా అందులో ఇమిడేది. పోనుపోను అది బడికి, కాలేజీకి పరిమితమై, పెంపకానికి 'అప్‌బ్రింగింగ్' అనే వేరే మాట నిలిచింది. అంతమాత్రాన ఇంగ్లీషువాళ్లకు సంస్కారం పట్టదనుకుంటే పొరపాటు. మాట విడిపోయినంత మాత్రాన మనసు విడిపోదు. కాకపోతే ఒక సమాజం దేన్ని ఒక్క ఊపిరిలో చెప్పాలనుకుందో ఇలాంటి జంట పదాల్లో కనిపిస్తుంది.

తాష్కెంట్‌లో కొత్త తరహా బడులు తెరిచిన అబ్దుల్లా అవ్లోనీ ఈ సంగతిని 1913లోనే రాశాడు. పాఠానికీ తర్బియాకూ కొంచెం తేడా ఉన్నా, అవి ప్రాణమూ దేహమూ లాగా ఒకదాన్నొకటి విడిచి ఉండలేవన్నాడు. ఉజ్బెకిస్తాన్‌లో ఏటా అక్టోబర్ 1న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకొంటారు. పిల్లలు పూలగుత్తులతో గురువుల దగ్గరికి వెళ్లే ఆ సెలవురోజు పేరులో 'ఓకితువ్చి' పక్కనే 'మురబ్బీ' కూడా ఉంటాడు. అది తర్బియాతో ఒకే ధాతువు నుంచి పుట్టిన మాట: పెంచేవాడు.